ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ పాలకమండలి, నాయకత్వం: మూడేళ్లు సభ్యునిగా ఉండి రాస్తున్న సమీక్ష

ఆసుపత్రి గురించి సమీక్ష రాసేవారు సాధారణంగా డాక్టరు తమతో ఎంతసేపు మాట్లాడారో, వార్డు ఎంత శుభ్రంగా ఉందో, బిల్లులో ముందు చెప్పని ఖర్చులు ఎన్ని చేరాయో రాస్తారు. అవన్నీ రాయవలసినవే. అయితే ఆ మూడింటినీ నిర్ణయించే గది వేరే ఒకటి ఉంటుంది. అక్కడికి రోగులు గాని, వారి బంధువులు గాని వెళ్లరు. ఆ గదిలో జరిగే పని ఎలా ఉందో ఎవరూ సమీక్షించరు. పదికి పైగా ఆసుపత్రులను ఒకే యాజమాన్యం కింద నడుపుతున్న, లాభాపేక్ష లేని ఒక పెద్ద సంస్థ పాలకమండలిలో నేను మూడేళ్లపాటు వైద్యేతర సభ్యునిగా పనిచేశాను. మొదటి నుంచీ దాని నాణ్యతా కమిటీలో కూడా ఉన్నాను. ఆ మండలి, దానికి జవాబుదారీగా ఉండే సీఈవో, మెడికల్ డైరెక్టరు, నర్సింగ్ డైరెక్టరు, ఫైనాన్స్ డైరెక్టరు కలిసి రోగులకు అందించే నాయకత్వం ఏ పాటిదో ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసిన విషయాలు చాలావరకు గోప్యత పాటిస్తానన్న మాట మీద తెలిసినవి కాబట్టి సంస్థ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

నేను ఆ గదిలోకి ఏ దారిన వెళ్లానో ముందే చెప్పడం న్యాయం. నా తీర్పు మీద దాని ప్రభావం తప్పక ఉంటుంది. ఆ సంస్థకు చెందిన ఒక ఆసుపత్రిలో మా నాన్నగారికి రక్తం పలచబరిచే మందు రెండు రోజులపాటు రెండింతలు మోతాదులో ఇచ్చారు. ఒక వార్డు నుంచి మరో వార్డుకు మార్చినప్పుడు మందుల చార్టును తిరగరాయడంలో జరిగిన పొరపాటు అది. ఆయన కోలుకున్నారు. నేను పెట్టిన ఫిర్యాదుకు మూడు నెలల తరువాత ఆరు వాక్యాల జవాబు వచ్చింది. అందులో విచారం వ్యక్తం చేశారు గాని, అసలు ఏం జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేశారో ఒక్క మాట లేదు. నేను వృత్తిరీత్యా ఆడిటరును. లెక్క తేలని కాగితాన్ని పక్కన పెట్టడం నాకు చేతకాదు. మళ్లీ రాశాను, ఆ తరువాత మూడోసారీ రాశాను. ఆ మూడో ఉత్తరం అప్పుడే బాధ్యతలు తీసుకున్న మండలి అధ్యక్షురాలి చేతికి చేరింది. ఆవిడ స్వయంగా ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, గంటసేపు నా మాట విన్నారు. కొన్ని నెలలకు మండలిలో ఖాళీ వచ్చినప్పుడు, "ఈ ప్రశ్నలు బయట ఉండి మూడుసార్లు అడిగారు కదండీ, ఇక లోపలికి వచ్చి అడగండి" అని ఆహ్వానించారు.

కొత్త సభ్యులకు ఇచ్చే రెండు రోజుల శిక్షణ బాగుంది. పాలకమండలి పని అంటే భవనాలు, బడ్జెట్టు, విరాళాలు అనుకునే నాలాంటివారి కోసం మొదటి పాఠాన్ని ఒక కోర్టు తీర్పుతో మొదలుపెట్టారు. 1960లో అమెరికాలో ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్న పద్దెనిమిదేళ్ల కాలేజీ విద్యార్థికి ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో వేసిన పిండికట్టు బిగుసుకుపోయి, రక్తప్రసరణ ఆగి, చివరికి కాలు తీసివేయవలసి వచ్చింది. డార్లింగ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1965లో ఆసుపత్రిని కూడా బాధ్యురాలిని చేసింది. కాలికి రక్తం అందుతోందో లేదో నర్సులు తగినన్నిసార్లు చూడకపోవడానికీ, మరో నిపుణుని సలహా తీసుకోమని డాక్టరును కోరకపోవడానికీ ఆసుపత్రే జవాబు చెప్పాలన్నది. వైద్యం డాక్టరు పని, గోడలూ మంచాలూ సమకూర్చడం ఆసుపత్రి పని అన్న పాత వాదన ఆ తీర్పుతో బలహీనపడింది. వార్డులో జరిగే ప్రతి పనికీ మండలి గదిలో కూర్చున్నవారు జవాబుదారులని నాకు ఆ ఉదయమే అర్థమైంది. కొత్త సభ్యులు ఒక రాత్రి వార్డులో గడిపే ఏర్పాటు కూడా ఆ శిక్షణలో ఉంటే బాగుండేది. దాన్ని నేను తరువాత అడిగి చేయించుకున్నాను, అది ఎంత అవసరమో ముందుముందు చెబుతాను.

డబ్బు వ్యవహారంలో ఈ నాయకత్వానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆడిట్ కమిటీలో యాజమాన్యానికి సంబంధం లేనివారే ఉండేవారు. బయటి ఆడిటర్లు ఏటా ఒకసారి అధికారులెవరూ లేకుండా కమిటీతో విడిగా మాట్లాడేవారు. చేతిలో ఉన్న నగదు ఎన్ని రోజుల ఖర్చుకు సరిపోతుందో, అప్పిచ్చినవారు పెట్టిన షరతులు తప్పే స్థితికి ఎంత దూరంలో ఉన్నామో ప్రతి సమావేశంలోనూ ఒకే పేజీలో కనిపించేది. విస్తరణ మీద కూడా అదుపు ఉండేది. ఇది చిన్న విషయం కాదని 1998లో జరిగిన ఒక పతనాన్ని చదివినవారికి తెలుస్తుంది. పిట్స్‌బర్గ్ కేంద్రంగా ఎదిగిన అల్లెఘెనీ అనే లాభాపేక్ష లేని ఆసుపత్రుల సంస్థ, వరుసగా ఆసుపత్రులనూ వైద్య కళాశాలలనూ కలుపుకుంటూ పోయి, ఆ ఏడాది జులైలో సుమారు 130 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. దానికి మండళ్లు ఒకటి కాదు, అనేకం ఉండేవి. మొత్తం చిత్రం వాటిలో చాలావాటికి కనబడలేదు. మా సీఈవో మరో ఆసుపత్రిని కొందామని ప్రతిపాదించినప్పుడు, దాని ఆస్తుల వివరాలు చాలవనీ, అక్కడ ఎన్ని నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నాయో కూడా తేవాలనీ మండలి ఆరు నెలలు ఆపింది. ఆ వివరాలు వచ్చాక ప్రతిపాదనను ఆయనే వెనక్కి తీసుకున్నారు.

అదే మండలి అదే శ్రద్ధను రోగుల భద్రత మీద పెట్టిందా అంటే, నా మొదటి ఏడాదిలో పెట్టలేదనే చెప్పాలి. సమావేశం నాలుగు గంటలు జరిగేది. ఎజెండాలో నాణ్యతా నివేదిక తొమ్మిదో అంశం, అంటే భోజన విరామం తరువాత, సభ్యులు రైళ్ల వేళలు చూసుకునే సమయంలో వచ్చేది. అలవాటు కొద్దీ నేను గడియారం చూసి రాసిపెట్టుకునేవాణ్ని; నాలుగు సమావేశాల్లో ఒక్కసారి కూడా ఆ అంశానికి ఇరవై నిమిషాలు దక్కలేదు. సమావేశాల సమయంలో కనీసం నాలుగో వంతు నాణ్యతకు, భద్రతకు ఇవ్వాలని అమెరికాలోని ఆరోగ్య సంరక్షణ మెరుగుదల సంస్థ 2006లో మొదలుపెట్టిన ప్రచారోద్యమంలో మండళ్లకు సూచించింది. మాది అందులో మూడో వంతు కూడా లేదు. నివేదిక అరవై పేజీలు. ప్రతి పేజీ నిండా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు. ఆకుపచ్చ ఎక్కువగా ఉంటే అందరూ తృప్తిగా తలలూపేవారు.

ఆ తృప్తి మా మండలికే ప్రత్యేకం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో వెయ్యి లాభాపేక్ష లేని ఆసుపత్రుల మండలి అధ్యక్షులను ప్రశ్నించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం నన్ను చాలా కాలం వెంటాడింది. వైద్య నాణ్యతను తమ మొదటి రెండు ప్రాధాన్యాల్లో చేర్చినవారు సగం మంది కూడా లేరు. అంతకన్నా కలవరపెట్టేది మరొకటి: నాణ్యతా కొలమానాల్లో అట్టడుగున ఉన్న ఆసుపత్రుల అధ్యక్షుల్లో ఒక్కరు కూడా తమ ఆసుపత్రి సగటుకన్నా తక్కువగా ఉందని చెప్పలేదు. అబద్ధం చెప్పాలని వారికి ఉండి ఉండదు. వారి బల్ల మీదికి వచ్చే కాగితం అలాంటిది.

మా కాగితం ఏం దాచిందో నాకు ఆ రాత్రి వార్డులో తెలిసింది. సంస్థలోని మధ్యస్థాయి ఆసుపత్రుల్లో ఒకటి. మోకాలి, తుంటి కీళ్ల మార్పిడి చేయించుకున్నవారిని ఉంచే వార్డు. రాత్రి పన్నెండు దాటాక కాస్త తీరిక దొరికినప్పుడు, ఇక్కడ మీకు ఎక్కువ కష్టమనిపించేది ఏమిటి సిస్టర్ అని ఇన్‌చార్జి నర్సును అడిగాను. ఆవిడ కొంచెం తటపటాయించి, "సార్, కుట్ల దగ్గర చీముపట్టి తిరిగి వస్తున్నవాళ్లు ఎక్కువయ్యారు సార్. మేము నెల నెలా రాసి పంపిస్తున్నాం. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు" అన్నారు. ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. తిరిగి చేరిన ప్రతి రోగి తేదీ, శస్త్రచికిత్స తేదీ, ఏ థియేటరులో జరిగిందో అందులో వరుసగా రాసి ఉంది. ఆ పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదు.

మా నివేదికలో శస్త్రచికిత్స తరువాతి ఇన్ఫెక్షన్ల గడి ఆకుపచ్చగానే ఉంది, ఎందుకంటే అది అన్ని ఆసుపత్రుల సగటు. మిగతాచోట్ల తగ్గడం ఈ ఒక్కచోటి పెరుగుదలను కప్పేసింది. ఆడిటరుగా నేను సిగ్గుపడవలసిన విషయం ఇది. ఒక సంస్థ తన శాఖలన్నిటి లెక్కలను కలిపేసి ఒకే మొత్తం చూపిస్తే నేను సంతకం పెట్టను. అలాంటిది మనుషుల శరీరాలకు సంబంధించిన లెక్కను అలాగే చూపిస్తే ఏడాదిపాటు ఒప్పుకున్నాను. తరువాతి కమిటీ సమావేశంలో ఆసుపత్రి వారీగా, నెల వారీగా గీసిన గ్రాఫు కావాలని అడిగాం. ఫ్యాక్టరీ తనిఖీల కోసం 1924లో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన పద్ధతిలో, మామూలు హెచ్చుతగ్గులు ఏవో, నిజంగా ఏదో మారిందని చెప్పే పెరుగుదల ఏదో వేరుచేసే గీతలతో నాణ్యతా విభాగంలోని ఒక యువ గణాంక నిపుణురాలు దాన్ని వారంలో గీసి తెచ్చారు. ఆ ఆసుపత్రి చుక్కలు ఎనిమిది నెలలుగా మధ్యగీతకు పైనే ఉన్నాయి.

అధికారుల తొలి స్పందన నాకు నచ్చలేదు, దాన్ని దాచను. ఆ ఆసుపత్రికి వయసు మళ్లినవారు, మధుమేహం ఉన్నవారు ఎక్కువగా వస్తారు, అందుకే అంకెలు అలా ఉన్నాయని మెడికల్ డైరెక్టరు అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. రోగుల పరిస్థితిని బట్టి అంకెలను సరిచూడవలసిందే. అయితే అక్కడికి వచ్చే రోగులు ఎనిమిది నెలల కిందట ఒక్కసారిగా మారిపోలేదు కదా. ఇలాంటి సమాధానం ఎంత దూరం తీసుకుపోగలదో బ్రిటన్‌లోని బ్రిస్టల్ ఆసుపత్రి చరిత్ర చెబుతుంది. అక్కడ పసిపిల్లల గుండె శస్త్రచికిత్సల్లో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు వైద్యుడు అంకెలు సేకరించి చెప్పినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఇయన్ కెనడీ నాయకత్వంలో జరిగిన విచారణ 2001లో నివేదిక ఇచ్చింది. అలాంటి ఇతర కేంద్రాలతో పోలిస్తే 1991 నుంచి 1995 వరకు అక్కడ ఏడాది నిండని పిల్లలు 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారని తేల్చింది. ఆ వైద్యుడు చివరికి దేశం విడిచి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఆ నర్సు నోటుబుక్కును కమిటీ బల్ల మీద పెట్టినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వచ్చారు. ఆవిడకు ఏ ఇబ్బందీ రానివ్వనని అధ్యక్షురాలు మినిట్స్‌లో రాయించారు.

కారణం తెలియడానికి ఆరు వారాలు పట్టింది. తెలిశాక ఆ గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేకపోయారు. శస్త్రచికిత్స పరికరాలను శుద్ధిచేసే విభాగంలో రాత్రి షిఫ్టు తీసేశారు. దానివల్ల ఉదయం మొదటి శస్త్రచికిత్సలకు పరికరాలు హడావుడిగా సిద్ధమవుతున్నాయి, కొన్ని పెట్టెలు పూర్తిగా ఆరకుండానే థియేటరుకు చేరుతున్నాయి. ఆ షిఫ్టు తీసేయాలన్న నిర్ణయం మాదే. అంతకుముందు ఏడాది మేము ఆమోదించిన పొదుపు జాబితాలో అది ఇరవై మూడో వరుసలో ఉంది. ఎదురుగా ఉన్న గడిలో "రోగుల భద్రతపై ప్రభావం: లేదు" అని రాసి ఉంది. ఆ మాట ఎవరు రాశారో, ఏ ఆధారంతో రాశారో మాలో ఒక్కరం అడగలేదు. నేను ఆ జాబితాలోని కూడికలు మాత్రం సరిచూశాను.

బ్రిటన్‌లోనే స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 వరకు జరిగినదాని మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో ఇచ్చిన నివేదికను నేను ఆ తరువాతే పూర్తిగా చదివాను. ఎక్కువ స్వేచ్ఛ ఉండే ఫౌండేషన్ ట్రస్టు హోదా సంపాదించాలన్న ఆరాటంలో అక్కడి మండలి ఆర్థిక లక్ష్యాల మీదే దృష్టి పెట్టి, సిబ్బందిని తగ్గించింది. ఆ తగ్గింపు వార్డుల్లో ఏం చేస్తుందో లెక్కగట్టలేదు. హోదా 2008లో వచ్చింది. అదే కాలంలో వార్డుల్లో మంచినీళ్లు అందక, పక్క మార్చేవారు లేక రోగులు అల్లాడారు. వారి కుటుంబాలు గొంతు చించుకున్నా పైన వినేవారు లేకపోయారు. చదువుతున్నంతసేపూ మేము దానికి ఎంత దూరంలో ఉన్నామన్న భయమే. మా సంస్థ స్టాఫర్డ్ కాదు. కానీ ఆ ఇరవై మూడో వరుస వంటిదే అక్కడ కూడా మొదట ఒక కాగితం మీద ఉండి ఉంటుంది. దుర్మార్గులు ఎవరూ లేకుండానే, ప్రతివారూ తమ గడిని శుభ్రంగా నింపుతూనే, మనుషులకు హాని జరగవచ్చని నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను.

ఆ తరువాత నాయకత్వం చేసిన పనుల వల్లనే నా అభిప్రాయం మారింది. మొదటిది సీఈవో నిర్ణయం. ఆ ఎనిమిది నెలల్లో ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి రోగికీ, లేదా వారి కుటుంబానికీ, కారణం ఏమిటో, అందులో సంస్థ తప్పు ఎంతో వివరిస్తూ స్వయంగా సంతకం చేసిన ఉత్తరం పంపుతామని ఆయన ప్రతిపాదించారు. మళ్లీ చేసే శస్త్రచికిత్సల ఖర్చు సంస్థే భరిస్తుందన్నారు. న్యాయ సలహాదారు అభ్యంతరం చెప్పారు. అప్పుడు ఆయన సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రిని ఉదాహరణగా తెచ్చారు. అక్కడ 2004లో ఒక రోగికి రక్తనాళాల పరీక్షలో ఎక్స్‌రే రంగుద్రవానికి బదులు చర్మం శుభ్రం చేసే క్రిమినాశకాన్ని ఎక్కించారు, ఆమె చనిపోయారు. గ్యారీ కప్లాన్ నాయకత్వంలోని యాజమాన్యం ఆ తప్పును దాచకుండా బహిరంగంగా ఒప్పుకుంది. తరువాతి ఏడాదికి రోగుల భద్రత ఒక్కటే సంస్థ లక్ష్యమని ప్రకటించింది. చర్చ తీవ్రంగానే జరిగింది, చివరికి మండలి సీఈవో పక్షాన నిలిచింది. మా నాన్నగారి విషయంలో నాకు అందిన ఆరు వాక్యాల ఉత్తరాన్నీ ఈ కొత్త ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఆ సంస్థ నాయకత్వానికి ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆ ఉత్తరానికే వేస్తాను.

రెండోది పొదుపు నిబంధన. ఖర్చు తగ్గించే ఏ ప్రతిపాదన అయినా మండలి ముందుకు రావాలంటే మెడికల్ డైరెక్టరు, నర్సింగ్ డైరెక్టరు ఇద్దరూ భద్రతపై దాని ప్రభావాన్ని రాసి సంతకం చేయాలి. అమలైన ఆరు నెలలకు అదే కాగితం మళ్లీ రావాలి, అప్పుడు అనుకున్నదేమిటో ఇప్పుడు కనిపిస్తున్నదేమిటో అందులో ఉండాలి. నర్సింగ్ డైరెక్టరు మొదటి ఏడాదిలోనే మూడు ప్రతిపాదనలను ఇలా వెనక్కి పంపారు. ఫైనాన్స్ డైరెక్టరు మొదట చిరాకుపడినా, రెండో ఏడాదికి ఆయనే ఆ పద్ధతిని సమర్థించడం విన్నాను.

మూడోది ఎజెండా. నాణ్యత మొదటి అంశమైంది. ఒక రోగి అనుభవాన్ని, వీలైతే రోగి నోటనే, విన్న తరువాతే సమావేశం మొదలయ్యేది. దీని మీద నాకు కొంత సందేహం ఉండేది. కన్నీళ్లు పెట్టించి, ఆ వెంటనే మరిచిపోయే తంతుగా మారడం సులభం. అధ్యక్షురాలు దానికి ఒక కట్టుబాటు పెట్టారు: విన్న ప్రతి అనుభవానికీ ఒక ప్రశ్న, ఒక బాధ్యుడు, ఒక గడువు మినిట్స్‌లో ఉండాలి, గడువు రాగానే ఆ అంశం తిరిగి రావాలి. నా చివరి ఏడాదిలో అలా పద్నాలుగు అంశాలు వచ్చాయి. నేను వచ్చేసే నాటికి పదకొండు ముగిశాయి.

నాలుగోది అధికారులను వార్డులకు ముడిపెట్టడం. మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో గుండె దగ్గరి పెద్ద సిరల్లోకి వేసే గొట్టాల వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను మూడింట రెండు వంతుల వరకు తగ్గించిన ప్రయోగం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆ విజయం గురించి మాట్లాడేవారు ఐదు అంశాల చెక్‌లిస్టునే చెబుతారు. నిజానికి ఆ పథకంలో ఆసుపత్రి పెద్ద అధికారుల తోడ్పాటు కూడా ఒక భాగం. సబ్బో, మందో అందుబాటులో లేకపోతే కొనిపెట్టగలవాడు ఎదురుగా ఉండాలన్నది దాని వెనక ఆలోచన. మా సంస్థలోనూ ప్రతి డైరెక్టరుకూ రెండు వార్డులు అప్పగించారు. నెలకొకసారి ముందుగా కబురు పెట్టకుండా వెళ్లాలని నియమం. కొందరు నిష్ఠగా వెళ్లేవారు, ఒకరిద్దరు మూడు నెలలకొకసారి వెళ్లేవారు. హాజరు పట్టీని మండలికి చూపించడం మొదలుపెట్టాక అది కూడా కొంత సర్దుకుంది.

సీఈవో గురించి ఇంకొంచెం. ఆయన వైద్యుడు కారు, ఆర్థిక నేపథ్యం నుంచి వచ్చినవారు. వైద్యుడే సీఈవోగా ఉండాలా అన్న చర్చ మండలిలో తరచు వచ్చేది. అమెరికాలో పేరున్న ఆసుపత్రులను పరిశీలించి అమాండా గుడాల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యులు నడిపే ఆసుపత్రుల నాణ్యతా మార్కులు ఇతరులు నడిపేవాటికన్నా సుమారు 25 శాతం ఎక్కువగా ఉన్నాయి. మేయో క్లినిక్, క్లీవ్‌లాండ్ క్లినిక్ ఈ సంప్రదాయానికి పెద్ద ఉదాహరణలు. అయితే మంచి ఆసుపత్రులే వైద్యులను సీఈవోలుగా ఎంచుకుంటాయో, వైద్యులు సీఈవోలు కావడం వల్ల ఆసుపత్రులు మంచివవుతాయో ఆ అధ్యయనం తేల్చదు. నేను చూసినంతలో, మా సీఈవోకు ఉన్న లోటు వైద్యం తెలియకపోవడం కాదు. మెడికల్ డైరెక్టరు ఒకసారి ‘లేదు’ అంటే మళ్లీ ప్రశ్నించడానికి ఆయన మొహమాటపడేవారు. నర్సు నోటుబుక్కు వ్యవహారం తరువాత ఆ మొహమాటం తగ్గింది. ఆయన బోనస్‌లో మునుపు పెద్ద వాటా ఆర్థిక మిగులుకే ముడిపడి ఉండేది. మండలి దాన్ని మార్చి సగం భద్రతకూ, సిబ్బంది మానివేత రేటుకూ ముడిపెట్టింది. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని సమావేశంలో కూడా చెప్పాను: ఘటనల సంఖ్య తగ్గితే బోనస్ పెరుగుతుందంటే, ఘటనలు నమోదు కావడమే తగ్గిపోతుంది. అందుకే సిబ్బంది స్వచ్ఛందంగా చేసే ఘటనల నమోదు పెరగడాన్ని మంచి గుర్తుగా లెక్కించాలని చివరికి ఒప్పుకున్నారు.

మెరుగుపడనివి కూడా ఉన్నాయి. ప్రతి ఆసుపత్రికీ ఉన్న స్థానిక సలహా మండలికి అధికారం ఏమిటో మూడేళ్లలోనూ తేలలేదు. వారు నెల నెలా కూర్చుని మంచి ప్రశ్నలే అడిగేవారు, వారి మినిట్స్ మా దగ్గరికి వచ్చేవి, వాటి మీద ఎవరూ ఏమీ చేసేవారు కాదు. ఆ ఇన్ఫెక్షన్ల ప్రస్తావన ఆ ఆసుపత్రి స్థానిక మండలి మినిట్స్‌లో నేను వార్డుకు వెళ్లడానికి ఐదు నెలల ముందే ఒక వాక్యంగా ఉందని తరువాత బయటపడింది.

డాక్టర్ల అర్హతల పరిశీలన మరీ బలహీనంగా ఉంది. ఏ సర్జను ఏ శస్త్రచికిత్సలు చేయవచ్చో నిర్ణయించి, నిర్ణీత కాలానికి పునరుద్ధరించే అధికారం చివరకు మండలిదే. మా ముందుకు నలభై, యాభై పేర్ల జాబితా వచ్చేది, చర్చ లేకుండా ఆమోదించే అంశాల కట్టలో కలిపి ఒక్క తీర్మానంతో ముగించేవాళ్లం. ఫలానా సర్జను ఆ శస్త్రచికిత్స గత ఏడాది ఎన్నిసార్లు చేశారు, ఫలితాలు ఎలా ఉన్నాయి అన్న వివరం జతచేయాలని రెండుసార్లు అడిగాను. సాఫ్ట్‌వేర్ మారుతోందన్నారు. నేను వచ్చేసే నాటికి ఇంకా మారుతూనే ఉంది. డార్లింగ్ కేసు నుంచి ఆరు దశాబ్దాలు గడిచాక కూడా ఈ ఒక్క విషయంలో మండలి ఇంత ఉదాసీనంగా ఉండటం నాకు మింగుడు పడలేదు.

సీఈవో అకస్మాత్తుగా వెళ్లిపోతే ఆ రోజు ఎవరు బాధ్యత తీసుకుంటారన్న ప్రణాళిక ఉంది. మూడేళ్ల తరువాత ఎవరు ఎదిగి రావాలన్న ప్రణాళిక లేదు. ప్రయోజనాల ఘర్షణ పట్టిక సక్రమంగా నిర్వహించేవారు. భవన నిర్మాణ వ్యాపారంలో ఉన్న ఒక సభ్యుడు సంబంధిత అంశం రాగానే గది బయటికి వెళ్లేవారు. ఈ రెంటి గురించీ అంతకన్నా చెప్పవలసింది లేదు.

మొత్తం మీద ఐదుకు మార్కులు వేయమంటే నేను చేరిన ఏడాదికి రెండు, వదిలిన ఏడాదికి మూడున్నర వేస్తాను. మిగిలిన ఒకటిన్నరలో ఒకటి అర్హతల పరిశీలన దగ్గర, అర స్థానిక మండళ్ల దగ్గర తగ్గించాను.

ఇలాంటి సంస్థ మండలిలో చేరమని మీకు ఆహ్వానం వస్తే, ఒప్పుకునే ముందు మూడు కాగితాలు అడిగి తెప్పించుకోండి. గత నాలుగు సమావేశాల ఎజెండాలు, వాటిలో ఏ అంశానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తెలిపే వివరంతో. ఒక్కొక్క ఆసుపత్రికి విడివిడిగా గీసిన ఇన్ఫెక్షన్ల గ్రాఫు. గత ఏడాది ఫిర్యాదు చేసిన ఒక కుటుంబానికి సంస్థ ఇచ్చిన జవాబు, పేర్లు కొట్టివేసిన నకలు. మూడూ వారంలో చేతికి అందితే చేరండి. మూడోది ఇవ్వడానికి వెనకాడితే, ఎందుకు వెనకాడుతున్నారో అధ్యక్షుణ్ని ముఖాముఖి అడిగి, జవాబు విన్న తరువాతే సంతకం పెట్టండి. చేరాక మొదటి నెలలోనే ఒక రాత్రి వార్డులో గడపండి. పన్నెండు దాటేవరకూ అక్కడే ఉండండి. అంతకు ముందు నర్సులకు మాట్లాడే తీరిక ఉండదు.